ఒకే నేల, మూడు పుస్తకాలు

ఏం చదవాలి అని యువ రచయితలు అడిగితే మనం ప్రక్రియలవారీగా జాబితాలిచ్చి ఊరుకుంటాం. నవల ఒక అరలో, కావ్యం మరో అరలో, పరిశోధన ఇంకెక్కడో. ఈ విభజన పాఠం చెప్పేవాళ్ళకు సౌకర్యం; చదివేవాళ్ళకు నష్టం. పల్నాడునే తీసుకుందాం.

అలిశెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను జీన్ రోఘైర్ రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషులో అధ్యయన గ్రంథంగా వెలువరించారు. అందులోని బ్రహ్మనాయుడి చాపకూడును ‘మాలపల్లి’ (1922), ‘గబ్బిలం’ (1941) పక్కన పెట్టి చదవండి. చాపకూడులో అన్ని కులాలనూ ఒక్క పంక్తిన కూర్చోబెట్టినవాడు మంత్రి. పుల్లరి ఉద్యమంలో జైలుకెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన నవలలో కూలివాళ్ళను కూడగట్టేవాడు మాలపల్లి బిడ్డ సంగదాసు. వినుకొండ జాషువ కావ్యంలో, గుడిలోకి గబ్బిలానికున్న ప్రవేశం తనకు లేదేమని అడిగేవాడు అస్పృశ్యుడే. పైనుంచి దయగా దిగిన సమానత్వం కిందినుంచి హక్కుగా లేచిన క్రమమిది. ఏ ఒక్క పుస్తకమూ విడిగా దీన్ని చూపదు.

లోపాలూ అప్పుడే బయటపడతాయి. ‘మాలపల్లి’ ముగింపు సంస్కరణవాదంలోకి జారుకుంది. ‘గబ్బిలం’ విన్నపం చివరికి ఈశ్వరుడికే చేరాలి. వీరగాథలో పంక్తి మారింది గాని, పొలం ఎవరిదన్న ప్రశ్న రాలేదు.

శ్రీనాథుని పేరుతో పాఠ్యపుస్తకాల్లో చదివి పల్నాటి కథ తెలుసుననుకునే విద్యార్థులు, ఒక కార్తీకమాసంలో కారంపూడి వీరుల తిరునాళ్ళకు వెళ్ళి కథకుల ఎదుట కూర్చోవాలి. అక్షరం రానివాళ్ళు నిలిపిన సాహిత్యాన్ని లెక్కలోకి తీసుకోని జాబితా ఎంత పొడవైనా అసంపూర్ణమే.