నజీర్ అహ్మద్ పాత్రలు: మాట తీరు, మనిషి తీరు

దివ్య ఖుర్ఆన్ 'ముహమ్మద్' సూరా 30వ ఆయతులో కపట విశ్వాసుల ప్రస్తావన వస్తుంది. అల్లాహ్ తలచుకుంటే వారిని ముఖచిహ్నాలతోనే చూపగలడనీ, అలా కాకపోయినా మాట తీరులో వారు తప్పక పట్టుబడతారనీ ఆ ఆయతు సారాంశం. అక్కడ మాట తీరుకు వాడిన అరబీ పదం 'లహ్న్'. మద్రసాలో వ్యాకరణం చదివిన వారికి ఈ పదం మరో అర్థంలో కూడా పరిచితమే. ఎరాబ్ తప్పి మాట్లాడడాన్ని, అంటే భాషాదోషాన్ని కూడా లహ్న్ అనే అంటారు. ఈ రెండర్థాల వెనుక ఉన్న భావం ఒక్కటే: మాట తన మామూలు దారి నుంచి కాస్త పక్కకు ఒరగడం. భాష ఎక్కడ ఒరిగిందో అక్కడే మనిషి కనిపిస్తాడన్న మాట.

ఈ రహస్యాన్ని సాహిత్య సూత్రంగా చెప్పిన తొలి మహా రచయితల్లో బస్రా వాసి జాహిజ్ ముఖ్యుడు (మరణం హిజ్రీ 255). పామరుల ముచ్చట చెప్పేటప్పుడు దానికి పండితుల ఎరాబ్ తొడిగితే ముచ్చట చచ్చిపోతుందని 'అల్ బయాన్ వత్తబయీన్'లో ఆయన హెచ్చరించాడు. ఎడారి అరబ్బు మాటను అతని శుద్ధమైన ఉచ్చారణతోనే చెప్పాలి, బజారు మనిషి మాటను బజారు మాటగానే ఉంచాలి అన్నది ఆయన మతం. 'కితాబుల్ బుఖలా'లో పిసినారుల కథలు చెబుతూ అక్కడక్కడ వ్యాకరణ దోషాలను కావాలనే వదిలేశాననీ చెప్పుకున్నాడు. అరబీ భాషాశుద్ధిని ప్రాణంగా చూసుకున్న కాలంలో, ఆ శుద్ధిలో ఎవరికీ తీసిపోని పండితుడు ఈ మాట అనడం గమనార్హం. తప్పును దిద్దడం పంతులు పని అయితే, తప్పు ఎవరిదో వారి నోటనే ఉంచడం రచయిత పని.

ఈ సూత్రాన్ని మనసులో ఉంచుకుని ఉర్దూ నవలకు ఆద్యుడైన డిప్యూటీ నజీర్ అహ్మద్ (మరణం 1912) రచనలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన మనకు మరీ పరాయివాడు కాదు. 1877లో మొదటి సాలార్‌జంగ్ ఆహ్వానం మీద నిజాం కొలువులో చేరి కొన్నేళ్లు ఈ నేల మీద పనిచేశాడు. భారత శిక్షాస్మృతిని ఉర్దూ చేసిన వారిలో ఒకడు. తర్వాతి కాలంలో దివ్య ఖుర్ఆన్‌ను దిల్లీ వాడుక భాషలోకి అనువదించాడు. చట్టం, నవల, దైవగ్రంథం అనే మూడు చోట్లా మూడు స్వరాలు పలకవలసి వచ్చిన మనిషి. అనువాదకులకు ఇంతకన్నా పాఠం చెప్పగలవాడు అరుదు.

'మిర్ఆతుల్ ఉరూస్' (1869), దాని వెనుక వచ్చిన 'తౌబతున్నసూహ్' నీతి బోధకోసమే రాసిన నవలలు. రెండవ దాని కథ చాలామందికి తెలిసినదే. దిల్లీలో కలరా వ్యాపించినప్పుడు నసూహ్ జబ్బుపడి, మగతలో చనిపోయిన తండ్రిని దైవ న్యాయస్థానంలో చూస్తాడు. కోలుకున్న తర్వాత పశ్చాత్తాపపడి, తన ఇంటివారందరినీ దారిలో పెట్టడానికి పూనుకుంటాడు. చిన్నపిల్లలు వింటారు. పెద్ద కొడుకు కలీమ్, పెద్ద కూతురు నయీమా ఎదురు తిరుగుతారు.

ఈ నవలలో పేర్లే పాత్రల గుణాలు. 'నసూహ్' ఖుర్ఆన్ చెప్పిన నిష్కపటమైన తౌబాను గుర్తుచేస్తుంది. 'ఫహ్‌మీదా' వివేకవతి. 'సాలిహా' సజ్జనురాలు. 'జాహిర్‌దార్ బేగ్' పైపై మెరుగుల మనిషి. ఇలాంటి పేర్లను చూసి, పాత్రలు ఎలాంటివో రచయిత ముందే తేల్చేశాడని విమర్శకులు ఆక్షేపించారు. ఆక్షేపణలో నిజముంది. కాని పేరు పెట్టడం తీర్పు మాత్రమే. సాక్ష్యం మాటలో ఉంటుంది. ఆ సాక్ష్యాన్ని నజీర్ అహ్మద్ ఎక్కడ నిండుగా పలికించాడు, ఎక్కడ పలికించలేకపోయాడు అన్నదే అసలు ప్రశ్న.

నిండుగా పలికిన చోటు మిర్జా జాహిర్‌దార్ బేగ్ ఘట్టం. తండ్రి మీద అలిగి ఇల్లు విడిచిన కలీమ్, రాత్రివేళ తన స్నేహితుడైన ఈ మిర్జా ఇంటికి వెళతాడు. పెద్ద భవంతికి వారసుణ్ణని ఇన్నాళ్లూ కోతలు కోసిన మిర్జా, ఆ భవంతి వెనుక చిన్న గుడిసెలాంటి ఇంట్లో తేలతాడు. అతిథిని పాడుబడిన మసీదులో పడుకోబెడతాడు. ఆకలి అంటే వేయించిన శనగలు తెచ్చిపెడతాడు. ఇక ఆ శనగలను పొగడడం మొదలవుతుంది. వాటి ఆకారం, రంగు, వాసన, వేయించినవాని పనితనం, అన్నీ షాహీ దస్తర్‌ఖాన్ మీద వడ్డించిన వంటకాలను వర్ణించే ధోరణిలోనే సాగుతాయి. ఇక్కడ రచయిత మిర్జాను ఒక్క మాట తిట్టడు. అతడు అబద్ధాలకోరని మనకు చెప్పడు. పెద్దింటి భాషను గుప్పెడు శనగల మీద కుమ్మరించి ఊరుకుంటాడు. వస్తువుకూ దాన్ని వర్ణించే మాటకూ మధ్య ఉన్న దూరమే మిర్జా శీలం. జాహిజ్ బతికి ఉంటే ఈ ఘట్టాన్ని తన పిసినారుల పుస్తకంలో చేర్చుకునేవాడు.

ఇంకొక విషయం. మిర్జా మాటల్లో నవ్వుతోపాటు జాలి కూడా ఉంది. 1857 తర్వాతి దిల్లీలో భవంతులు పోయాయి, భవంతుల భాష మాత్రం మిగిలింది. లేమిని ఆ భాషతో కప్పుకోవడం ఒక్క మిర్జా దోషమే కాదు. ఒక తరమంతా చేసిన పని అది. ఈ సంగతిని రచయిత వాచ్యం చేయలేదు. మాట తీరు చెప్పింది.

అంతే బలమైనది తల్లీకూతుళ్ల జగడం. నమాజు చేస్తున్న చిన్నారి హమీదా మీద నయీమా చేయి చేసుకోవడం, దాని మీద తల్లి ఆమెను కొట్టడం, ఆపైన చెలరేగిన మాటలు. ఇక్కడ దిల్లీ అంతఃపురాల స్త్రీల భాష, ఉర్దూవారు 'బేగమాతీ జుబాన్' అనేది, యథాతథంగా వినిపిస్తుంది. ఒట్లు, శాపాలు, దెప్పులు, సామెతలు ఒకదాని వెంట ఒకటి దొర్లిపోతాయి. నయీమా తార్కికంగా వాదించదు. గాయపడిన గర్వంతో మాట్లాడుతుంది. మాటకు మాట పెంచుతూ పోయి, తాను నమ్మనిదాన్ని కూడా పట్టుదలతో సమర్థిస్తుంది. అలిగిన మనిషి నిజంగా అలాగే మాట్లాడుతుంది. అందుకే ఆమె తప్పు చేసిందని తెలిసినా మనం ఆమెను వదులుకోలేము.

ఇక పలకని చోటు. నసూహ్ స్వయంగా నోరు విప్పినప్పుడు చాలా తావుల వాజ్ వింటున్నట్లే ఉంటుంది. వాక్యాలు పొడుగవుతాయి, అరబీ పదాలు బరువెక్కుతాయి, ఎదుటివాడు ఎవరన్నది మరుగున పడుతుంది. కలీమ్‌ను తండ్రి పిలిపిస్తాడు, కొడుకు రాడు. తండ్రి ఉత్తరం రాస్తాడు. కొడుకు ఇల్లు విడుస్తాడు. తండ్రి అతని గదులు తెరిపించి, అశ్లీలమని తోచిన పుస్తకాలను తగలబెడతాడు. గుండెకాయ వంటి ఈ ఘట్టంలో తండ్రీకొడుకుల మధ్య సంభాషణే లేదు.

దీన్ని చూసి కొందరు విమర్శకులు, నీతిమంతుల పాత్రలు చప్పగా ఉండడం మతబోధ వల్ల వచ్చిన చేటని తీర్మానిస్తారు. ఈ తీర్మానంతో నేను ఏకీభవించలేను. దీనికి జవాబు అదే నవలలో ఉంది. చిన్న కొడుకు సలీమ్‌తో నసూహ్ మాట్లాడే ఘట్టం చూడండి. అక్కడ తండ్రి చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతాడు, పిల్లవాడు తనకు తోచినట్లు చెబుతాడు, తండ్రి వింటాడు. తన స్నేహితుల అవ్వ హజ్రత్ బీ గురించి సలీమ్ చెప్పే మాటల్లో భక్తి ఉంది, ఉపన్యాసం లేదు. ఆ కాసేపు నసూహ్ కూడా మనిషిగా, మనసున్న తండ్రిగా వినిపిస్తాడు. విషయం మారలేదు, అదే నమాజు, అదే దైవభీతి. మారిందల్లా వినడం. కాబట్టి పాత్రను చప్పబరచేది భక్తి కాదు, వినని మాట. ఫిరౌన్ అంతటివాని దగ్గరకు పంపుతూ కూడా మృదువుగా మాట్లాడమని మూసా, హారూన్ (అలైహిముస్సలామ్)లకు అల్లాహ్ ఆదేశించిన సంగతి 'తాహా' సూరాలో చదువుకుంటాము. కలీమ్ ఫిరౌన్ కాడు గదా!

మాట తీరు మీద ఇంత పట్టున్న రచయితకు అదే పట్టు ఒకచోట ముప్పు తెచ్చింది. ఆయన ఖుర్ఆన్ అనువాదంలో దిల్లీ నుడికారం మితిమీరిందని ఉలమాలు ఆక్షేపించారు. చివరి దశలో విశ్వాసుల మాతృమూర్తుల గురించి రాసిన 'ఉమ్మహాతుల్ ఉమ్మా'లో అదే నుడికారం పవిత్ర వ్యక్తుల విషయంలో అమర్యాదగా తోచి తీవ్ర నిరసన రేగింది. ఆ పుస్తకం ప్రతులను తగలబెట్టారు. తన నవలలో పుస్తకాలను కాల్పించిన రచయిత తన పుస్తకం కాలడం చూడవలసి వచ్చింది. ఆయన ఉద్దేశం చెడ్డదని ఎవరూ రుజువు చేయలేదు. అయితే నయీమా నోట ప్రాణం పోసిన నుడికారమే మరోచోట కొట్టుకుపోయిందన్నది వాస్తవం. నుడికారం ఎక్కడైనా ఒకే విలువ గల నాణెం కాదు. ఎవరి నోట, ఎవరి గురించి, ఎవరి ముందు అన్న మూడింటి మీదనే దాని విలువ ఆధారపడుతుంది.

ఇప్పుడు మన తెలుగు సంగతి. గురజాడ 'కన్యాశుల్కం' (1897) చదివిన వారికి గిరీశం గుర్తుండే ఉంటాడు. అతని ఇంగ్లీషు మిర్జా షాహీ ఉర్దూకు తమ్ముడి వంటిది. ఒకడు పోయిన వైభవాన్ని అరువు తెచ్చుకుంటే, మరొకడు రాబోయే నాగరికతను అరువు తెచ్చుకున్నాడు. మధురవాణి ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క తీరుగా మాట్లాడుతూనే తన అంతరంగాన్ని పోగొట్టుకోదు. ఇంతటి సంప్రదాయం ఉన్న భాషలో ముస్లిం పాత్రకు దక్కినదేమిటి? మన నాటకాలలో, సినిమాలలో 'సాయిబు' అనగానే 'నీకి, నాకి' అనే వంకర తెలుగు, నాలుగు 'అరే'లు, ఒక 'అల్లా'. ఇది పాత్రకు తగిలించిన చీటీయే తప్ప పాత్ర స్వరం కాదు. పిసినారి సాయిబూ, ప్రాణమిచ్చే సాయిబూ ఒకే తీరుగా మాట్లాడితే, ఆ మాట వారిలో ఎవరినీ పట్టి ఇవ్వడం లేదన్న మాటేగా? ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. ఇంట దక్కనీ, బయట చక్కని తెలుగు మాట్లాడేవారు లెక్కకు మిక్కిలి. జాహిజ్ దోషాన్ని మనిషి కోసం ఉంచమన్నాడు. ఇక్కడ దోషాన్ని ఉంచి మనిషిని తీసేశారు.

అయితే ఇతరుల మీద ఫిర్యాదు చేసి ఊరుకుంటే మన బాధ్యత తీరదు. మన అనువాదాలలో దీనికి ఎదురు దోషం ఉంది. ఉర్దూ కథను తెలుగు చేసేటప్పుడు తల్లీ, కూతురూ, మౌల్వీ, జట్కావాడూ అందరి చేతా ఒకే గ్రాంథిక ఛాయల తెలుగు పలికిస్తాము. గౌరవంగా ఉంటుందని అనుకుంటాము. ఆ గౌరవంలో నయీమా మూగదవుతుంది. ఆమె ఒట్లూ దెప్పులూ మన ఇళ్లలో ఖాలాలూ ఆపాలూ వాడే తెలుగులోకే రావాలి. మిర్జా 'తమరు' అని వంగి వంగి మాట్లాడాలి, ఆ వంగడంలోనే అతని బోలుతనం వినిపించాలి. 'తూ', 'తుమ్', 'ఆప్' మూడింటికీ మనకు నువ్వు, మీరు, తమరు ఉన్నాయి. నసూహ్ సలీమ్‌తో మాట్లాడేటప్పుడు వాక్యం చిన్నది కావాలి. ఉత్తరం రాసేటప్పుడు బరువెక్కాలి. ఆ తేడాను అనువాదం చెరిపేస్తే, తండ్రి ఎక్కడ గెలిచాడో ఎక్కడ ఓడాడో పాఠకునికి తెలియకుండా పోతుంది.

పాత్రకు దాని స్వరం ఇవ్వడమంటే ఆ పాత్ర చేసిన పనిని ఒప్పుకోవడం కాదు. వాది మాట ఎంత శ్రద్ధగా వింటాడో ప్రతివాది మాటనూ అంత శ్రద్ధగా విన్న ఖాజీయే న్యాయమైన తీర్పు చెప్పగలడు. నజీర్ అహ్మద్ తాను మెచ్చని మనుషుల మాటను శ్రద్ధగా విన్నాడు, అందుకే మిర్జా, నయీమా ఇన్నేళ్లు నిలిచారు. తాను మెచ్చిన నసూహ్ మాటనూ అంతే శ్రద్ధగా విని ఉంటే ఆ నవల మరింత మేలైన నీతిబోధ అయ్యేది. సజ్జనులకు కూడా సహజమైన గొంతు ఇవ్వగలిగిన రచయితల కోసం తెలుగు ముస్లిం సాహిత్యం ఎదురుచూస్తున్నది.