వెనకాల ఉన్నదాన్ని చెరపొద్దు

అడవిలో ఫోటోలు తీసేవాళ్ల మధ్య ఒక మాట ఎప్పుడూ నలుగుతుంటుంది. బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా ఉండాలని. పిట్ట కంట్లో మెరుపు కనపడాలి, ఈకకు ఈక విడివిడిగా తెలియాలి. దాని వెనకున్న కొమ్మలు, బండలు, కంచెలు, స్తంభాలు మాత్రం అన్నీ కరిగి పచ్చటి మసకగా మిగలాలి. పెద్ద లెన్సులకు లక్షలు పోసి కొనేది చాలావరకు ఈ మసక కోసమే. ఎపర్చర్ ఎంత తెరిస్తే వెనకున్న లోకం అంతగా మాయమవుతుంది. ఆ పద్ధతిలో అందం ఉంది, కాదనను. అయితే నల్లమలలో పాత మీటర్‌గేజి రైలు కట్ట దగ్గర కెమెరా పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాక నాకు ఒక సంగతి అర్థమైంది. మనం అంత శ్రద్ధగా చెరిపేస్తున్న ఆ వెనక భాగంలోనే మా ఇంటి మనుషులు ఉన్నారు.

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు రైలెక్కితే గాజులపల్లె దాటాక కాసేపటికే అడవి మొదలవుతుంది. చెలమ, దిగువమెట్ట లాంటి చిన్న స్టేషన్లు వస్తాయి. ఇటు గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, అటు ఉత్తరాన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. ఈ దారిలో ఇప్పుడు నడుస్తున్నది బ్రాడ్‌గేజి. 1990 దశకంలో గేజి మార్చినప్పుడు ఘాట్ దగ్గర లైనును కొత్త దారికి మళ్లించారు. పాత దారిలోని బొగద సొరంగం, దొరబావి లోయలోని వంతెన స్తంభాలు రైళ్లు లేకుండా అడవిలోనే ఉండిపోయాయి. కట్ట మీద చెట్లు లేచాయి, కల్వర్టుల కింద వాగులు మాత్రం ఎప్పటిలాగే పారుతున్నాయి.

ఈ లైను సరదా కోసమో, ఒక్క వ్యాపారం కోసమో వేసింది కాదు. 1876–78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని తుడిచిపెట్టిన ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ నష్టపోయాయి. ఒకచోట ధాన్యం ఉన్నా ఇంకోచోటికి చేర్చే దారి లేక జనం చచ్చిపోయారు. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల కూలీని రోజుకు పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. కొండలు పగలగొట్టే మనిషి దాంతోనే బతకాలి. తరవాత వేసిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇస్తూ, కరువు ప్రాంతాలకు రైలు మార్గాలు వెయ్యాలని గట్టిగా చెప్పింది. బళ్లారి సీమను కృష్ణా తీరంతో కలుపుతూ 1880 దశకంలో నిర్మించి, సదరన్ మరాఠా రైల్వే నడిపిన మీటర్‌గేజి ఆ ఆలోచనలోంచి పుట్టిందే. గుంతకల్లు, నంద్యాల, కంభం, గుంటూరు మీదుగా బెజవాడకు చేరే ఆ దారికి అడ్డంగా ఉన్నది నల్లమల. కాబట్టి నల్లమలను తొలిచారు.

తొలిచినవాళ్లలో మా తాత తాత ఒకడు. కరువులో ఉన్న రెండెద్దులూ పోయాక గంపా పారా పట్టుకుని రైలు పనికి వచ్చాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన పేరు మాకు తెలుసు, ముఖం తెలియదు. అడవిలో చలిజ్వరం వచ్చి పక్క గుడిసెల్లోవాళ్లు వరసగా పోతుంటే ఆయన భార్య పిల్లల్ని తీసుకుని మైదానానికి దిగిపోయిందట. జ్వరం తగ్గే కాలం రాగానే మళ్లీ కొండెక్కిందట. కట్ట పూర్తయ్యాక కొందరు ఊళ్లకు వెళ్లిపోయారు, కొందరు లైను మీదే ఉండిపోయారు. మావాళ్లు ఉండిపోయారు.

మా తాత, అంటే అమ్మ వాళ్ల నాయన, అదే లైను మీద కీమ్యాన్. ఆయన చేరినప్పుడు అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. 1951లో సదరన్ రైల్వే అయింది. పేర్లు మారినా ఆయన చేసింది ఒకటే పని. రోజూ తెల్లారగానే తన బీటులో పట్టాల వెంట నడవాలి. పట్టాలను పట్టి ఉంచే కీలు వదులైతే సుత్తితో బిగించాలి. బోల్టులు చూడాలి. విరిగిన పట్టా కనపడితే ఎర్ర జెండా పాతి, పట్టా మీద డిటొనేటర్లు పెట్టి, వచ్చే బండిని ఆపాలి. చుట్టూ అంతా అడవే. పులికీ ఎలుగుకీ కూడా ముళ్లపొదల కంటే చదునైన దారే ఇష్టం. రైలు కట్ట వాటికి తయారుగా దొరికిన బాట. పొద్దున్నే తాత కంటే ముందు ఎవరు నడిచారో కట్ట పక్కన మట్టిలో రాసి ఉండేది. "జాడ తాజాగా ఉంటే సుత్తితో పట్టా మీద కొడతా పోయేవాడంట మీ తాత. ఆ చప్పుడు విని అదే పక్కకు తప్పుకునేదంట," అని అమ్మ చెప్పేది. ఏ అడుగు ఎవరిదో, ఎప్పటిదో, ఎటు పోయిందో ఆయనకు చూడగానే తెలిసేది. నేను కెమెరాతో నేర్చుకోవాలని ఇన్నేళ్లుగా తంటాలు పడుతున్న విద్య ఆయన ఉద్యోగంలో భాగం.

ఆ కాలంలో ఇదే అడవికి తుపాకులతో వచ్చినవాళ్లు ఉన్నారు. కెన్నెత్ ఆండర్సన్ వేట కథల్లో ఈ లైను మీది స్టేషన్ల పేర్లు కనపడతాయి. వేటగాళ్లు చచ్చిన పులి పక్కన కాలు పెట్టి నిలబడి దిగిన ఫోటోలు ఆల్బముల్లో భద్రంగా ఉన్నాయి. ఆ పులి జాడ చూపించిన చెంచు, వాళ్ల సామాను మోసిన గ్యాంగ్ కూలీ, ఒకవేళ ఆ ఫోటోలో ఉన్నా అంచున సగం తెగి, పేరు లేకుండా ఉంటారు. మా తాతకు అలాంటి సగం ఫోటో కూడా లేదు. ఉన్నదల్లా సర్వీసు కాగితం. అందులో ఆయన వేలిముద్ర, గుర్తుపట్టడానికి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉందన్న ఒక్క ముక్క. ఆయన ముఖం గురించి లోకంలో మిగిలిన రాతపూర్వకమైన ఆధారం ఆ పుట్టుమచ్చే.

ఇప్పుడు ఒక ఫోటో సంగతి చెప్తాను. అటవీశాఖ అనుమతి తీసుకుని, ఒక చెంచు పెద్దాయన తోడుగా, పాత కట్ట కింద వాగు ఒడ్డున కూర్చున్నాను. రాతి ఆర్చితో కట్టిన చిన్న కల్వర్టు. ఆ ఆర్చి కింద ఒక జంట వానకోయిలలు గూడు కట్టాయి. ఇంగ్లీషులో వైర్‌టెయిల్డ్ స్వాలో అంటారు. నెత్తి మీద ఎర్రమట్టి రంగు టోపీ, వీపంతా నిగనిగలాడే నీలం, పొట్ట తెలుపు. తోక చివర రెండు సన్నటి తీగలు సాగి ఉంటాయి, మగదానికి మరీ పొడుగు. నీళ్లున్న చోట వంతెనలు, కల్వర్టుల కింద కాపురం పెట్టడం వీటికి అలవాటు. ముక్కుతో తడిమట్టి ఉండలు తెచ్చి రాతికి అతికించి, సగం చిప్ప ఆకారంలో గూడు కడతాయి. లోపల గడ్డీ ఈకలూ పరుస్తాయి. గూటికి బాగా దూరంగా, బండ చాటున కూర్చుని, అవి నన్ను పట్టించుకోవడం మానేసేదాకా ఆగాను. గూడున్న చోట తొందర పనికిరాదు. ఫ్లాష్ అసలు వాడకూడదు. తల్లి బెదిరి గూటికి రాకపోతే ఆ ఫోటోకు పిల్లలు ప్రాణం చెల్లించాల్సి వస్తుంది.

మామూలుగా అయితే ఎపర్చర్ పూర్తిగా తెరిచి పిట్ట మీద ఫోకస్ పెట్టి వెనక రాయిని మసక చేసేవాణ్ణి. ఆరోజు ఎఫ్ 11కి మూశాను. ఆర్చి కింద వెలుతురు తక్కువ కాబట్టి ఐఎస్‌ఓ పెంచాల్సి వచ్చింది, ఫోటోలో గరుకుదనం వస్తుంది, అయినా పరవాలేదనుకున్నాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే గూడు చుట్టూ ఉన్న ప్రతి రాయి మీదా ఉలి దెబ్బలు కనిపించాయి. ఏటవాలుగా, పక్కపక్కనే, ఒకే ఎడంతో. ఒక రాయి మీద గీతలు ఎడమ నుంచి కుడికి, పక్క రాయి మీద కుడి నుంచి ఎడమకు. ఇద్దరు వేరు వేరు మనుషులు, ఒకడు ఎడమచేతి వాటం వాడేమో. పిట్ట మట్టిని ఉండ చుట్టి అతికించిన గుర్తులూ, మనిషి రాయిని చెక్కిన గుర్తులూ ఒకే ఫోటోలో పక్కపక్కన ఉన్నాయి. ఆ రాళ్లు చెక్కింది మావాళ్లని నేననను. ఆ సాక్ష్యం నా దగ్గర లేదు. కానీ మావాళ్లతో పాటు అదే గంజి తాగి, అదే జ్వరంతో వణికిన మనుషుల చేతిపని అది. వాళ్ల ఫోటో ఎవరూ తియ్యలేదు. వాళ్లు చేసిన పని ఫోటోకు దొరికింది.

ఈ తలంపుతో పాటు ఇంకో నిజాన్ని కూడా ఒప్పుకోవాలి. రైలు వచ్చాక నల్లమల మునుపటి నల్లమల కాలేదు. పట్టాల కింద పరవడానికి చెక్క స్లీపర్లు కావాలి. ఆవిరి ఇంజన్లకు కట్టె కావాలి. దేశమంతా రైల్వేల ఆకలి పెరిగేకొద్దీ అడవుల మీద ప్రభుత్వం పట్టు బిగిసింది. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీసేసరికి, తరతరాలుగా అక్కడే తిరుగుతూ తేనె, దుంపలు, పళ్లతో బతికిన చెంచులు తమ అడవిలోనే అనుమతి అడగాల్సినవాళ్లయ్యారు. నాతో వచ్చిన చెంచు పెద్దాయన ముత్తాతలకూ మా ముత్తాతలకూ ఈ కట్ట ఒకే అర్థం ఇవ్వలేదు. కరువు నుంచి తప్పించుకున్న మావాళ్లకు అది కూడు పెట్టింది. చెంచులకు అడవిని రెండుగా కోసింది. నా ఫోటోలో కల్వర్టు ఉంటే ఈ రెండు కథలూ ఉంటాయి. మసక చేస్తే రెండూ పోతాయి, అందమైన పిట్ట ఒక్కటే మిగులుతుంది.

మన దేశంలో ఈ కళకు దారి వేసినవాళ్లు జంతువును దాని చోటు నుంచి వేరు చేసి చూడలేదు. ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ 1920 దశకంలోనే, పులి నడిచే బాటకు అడ్డంగా తీగ కట్టి, దాని కాలు తగలగానే కెమెరా పనిచేసేలా ఏర్పాటు చేశాడు. పులి తన దారిలో తాను నడుస్తూ ఫోటోలో పడింది. మద్రాసు ఎం. కృష్ణన్ 1940 దశకంలో బళ్లారి దగ్గర సండూరులో ఉద్యోగం చేస్తూ ఆ రాతికొండల మధ్య అడవిని చదువుకున్నారు. తరవాత దేశమంతా తిరిగి నలుపు తెలుపుల్లో తీసిన ఆయన ఫోటోలు చూడండి. ఏనుగు మందతో పాటు అది మేస్తున్న గడ్డి, తొక్కిన బురద, నిలబడ్డ నీడ కూడా కనపడతాయి. నలభై యాభై ఏళ్ల తరవాత ఆ అడవి ఎలా మారిందో చెప్పగలిగేది ఆ గడ్డీ ఆ నీడే. ఈరోజు పులుల్ని లెక్కపెట్టే కెమెరా ట్రాపులు ఛాంపియన్ తీగకు వారసులు. ఏ పులి చారలు ఆ పులివే కాబట్టి దాన్ని చారలతో గుర్తుపడతారు. అయితే ఏ పులి అన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ, ఏ తేదీన, ఎన్ని గంటలకు అన్నదీ అంతే ముఖ్యం. చోటు చెప్పని ఫోటో ఆ లెక్కకు పనికిరాదు.

ఇప్పుడు గుంటూరు–గుంతకల్లు మార్గంలో డబ్లింగ్ చేపట్టారు. కరెంటు ఇంజన్లు తిరుగుతున్నాయి. రాయలసీమకు ఈ రైళ్లు అవసరం, రైల్వే కూలీల వంశంలో పుట్టిన నేను వాటిని వద్దనలేను. అడవిలో బండ్ల వేగం తగ్గించడం, జంతువులు దాటడానికి వీలుగా కల్వర్టులు, అండర్‌పాసులు తగినంత వెడల్పుగా కట్టడం మాత్రం తప్పనిసరి. పాత కల్వర్టుల కింద ఏ జంతువులు దాటుతున్నాయో, ఏ పిట్టలు గూళ్లు పెడుతున్నాయో చూపించే ఫోటోలు అందుకు సాక్ష్యంగా పనికొస్తాయి. పాత వంతెన స్తంభాలనూ సొరంగాన్నీ ఇనుము కోసమో రాయి కోసమో ఎవరూ ముట్టుకోకుండా కాపాడాలి. వానకోయిలలు, గబ్బిలాలు, తేనెపట్లు ఆ కట్టడాల్ని ఎప్పుడో తమవి చేసుకున్నాయి. మన కూలీల చరిత్రకు వేరే స్మారకం కట్టలేకపోయినా ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు.

కెమెరా పట్టుకున్న పిల్లలకు నేను చెప్పేది ఇంతే. దగ్గరి ఫోటో తియ్యండి, మసక కూడా పెట్టండి, తప్పు లేదు. ఆ తరవాత ఎపర్చర్ మూసి, చుట్టూ ఉన్నదంతా కనపడేలా ఇంకొకటి తియ్యండి. తేదీ, చోటు, మీతో నడిచిన మనిషి పేరు, ఆయన ఒప్పుకుంటే, ఫోటోతో పాటు రాసిపెట్టండి. గూడు ఉన్న చోటు మాత్రం బయటపెట్టొద్దు, అటవీశాఖకు తెలిస్తే చాలు. ఇక రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్లుగా, కీమ్యాన్లుగా, గేటు కీపర్లుగా పనిచేసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్ల బీటు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకానో అడగండి. దారిలో ఏ జంతువులు కనపడేవో అడిగి రాసుకోండి. వాళ్లకు ఒక మంచి ఫోటో తియ్యండి. ఆ ఫోటో వెనక వాళ్ల పూర్తి పేరు, పనిచేసిన స్టేషను, సంవత్సరాలు మీ చేత్తో రాయండి.