చక్‌మక్: తండా మాటకు రెండు భాషలు

కంచరపాలెంలో గది అద్దెకు తీసుకొని చదువుకొనే మన్యం పిల్లలు వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడతారు. కువి, ఆదివాసీ ఒడియా ఫోనులో అమ్మతోనే. అందుకే రమేశ్ కార్తీక్ నాయక్‌ను మనం చదవాలి.

నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన ఈ బంజారా కవి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తారు. తెలుగు కవితలు ‘బల్దేర్ బండి’ 2018లో, ఇంగ్లీషు కవితలు ‘చక్‌మక్’ 2023లో వచ్చాయి. కథల పుస్తకం ‘ఢావ్లో’కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. ఎడ్లబండి, చెకుముకిరాయి, దుఃఖగీతం: మూడు పేర్లూ తండా నోటి మాటలే. ఏ భాషలో రాసినా ఇంటి మాటను గడప బయట వదల్లేదు. అదే ఈయన బలం.

ఒక కొరత మాత్రం మాకు తోచింది. ఐర్లండు కవయిత్రి నూలా నీ గోనల్ 1990 నాటి ‘ఫారోస్ డాటర్’లో ఐరిష్ కవిత, ఇంగ్లీషు అనువాదం ఎదురెదురుగా ఉంటాయి. ఐరిష్‌కు అక్కడి రాజ్యాంగం అండ ఉంది. గోర్ బోలికి మన ఎనిమిదో షెడ్యూలులో చోటే లేదు. అలాంటి భాషకే ఎదుటి పేజీ మరీ అవసరం. కవి తర్వాతి పుస్తకంలో అది చూడాలని మా కోరిక.

అంతవరకూ టీచర్లు ఒక పని చేయొచ్చు. ఒక కవిత చదివి వినిపించి, పిల్లలను తమ భాషలో చెప్పమనండి. తెలుగు లిపిలోనే రాయించండి.