కూటజీవితచరిత్రల పరీక్ష

వాఙ్మయచరిత్రకారునకు రెండు భయములు గలవు. లేనివానిని ఉన్నవానిగా వ్రాయుట యొకటి. ఉన్నవానిని లేనివానిగా త్రోసివేయుట రెండవది. సర్వజనులును వ్రాయదగిన విజ్ఞానసర్వస్వము లంతర్జాలమున వెలసిన పిమ్మట ఈ రెండు భయములును ఇబ్బడియైనవి. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాను పరిశోధకవిద్యార్థులు తఱచుగా తొలి ఆకరముగా గ్రహించుచున్నారు. కావున అందలి జీవితచరిత్రల సత్యాసత్యనిర్ణయము మనకు సంబంధింపని పనియని యుపేక్షింపరాదు.

కూటచరిత్ర మనకు క్రొత్త గాదు. 1656 నాటి అప్పకవీయమున ఆంధ్రశబ్దచింతామణిని గూర్చిన కథ యొకటి కలదు. నన్నయ దానిని రచించెననియు, భీమకవి యలిగి గోదావరిలో గలిపెననియు, రాజరాజనరేంద్రుని కుమారుడైన సారంగధరుడు కంఠస్థమొనర్చి దానిని రక్షింపగా మతంగగిరియొద్ద బాలసరస్వతికి లభించెననియు ఆ కథాసారము. ఈ కథ నిర్మాణమును బరికింపుడు. గ్రంథ మింతకాలము కానరామికి కారణము, మరల దొరకుటకు కారణము రెండును అందే సిద్ధముగా నున్నవి. సాక్షి యొక్కడే, ఆ యొక్కడును చిరంజీవి. నడుమ నాఱు శతాబ్దములు శూన్యము. తెనుగునకు లక్షణము చెప్పినవారు తనకు ముందు లేరని పదుమూడవ శతాబ్దివాడైన కేతన చెప్పుకొనెను. శాసనములయందు రాజరాజుని కుమారుడుగా కానవచ్చువాడు, పిదప కులోత్తుంగచోడుడైన రాజేంద్రుడు. సారంగధరుని పేరు లేదు. అప్పకవి బుద్ధిపూర్వకముగా వంచించెనని చెప్పుట సాహసము; తాను వినినదానిని విశ్వసించి వ్రాసియుండవచ్చును. కాని వ్రాసినవాని సద్బుద్ధి వ్రాతకు ప్రమాణము కాజాలదు.

ఆధునికోదాహరణములును ఈ లక్షణములనే చూపుచున్నవి. 2005లో అమెరికా పత్రికారచయిత జాన్ సీగెంథాలరు జీవితచరిత్రలో, కెనడీ సోదరుల హత్యలయం దాయనకు సంబంధము గలదని శంకింపబడినట్లు అజ్ఞాతవ్యక్తి యొకడు వ్రాయగా, నాలుగు మాసములకు పైగా ఎవ్వరును దానిని గమనింపలేదు. పిదప ఆ సంవత్సరము డిసెంబరులో, నమోదుకాని వారు ఆంగ్ల వికీపీడియాలో క్రొత్త వ్యాసము లారంభింపరాదని నియమము చేసిరి. జారెడో వెన్స్ అను ఆస్ట్రేలియా ఆదివాసుల దేవత ఆ 2005లోనే కల్పితుడై, 2015 వఱకు ఆ సర్వస్వమున నిలిచెను. ఆ నడుమ అచ్చుగ్రంథమునకు గూడ ఎక్కెను. ఇచ్చటనే పరిశోధకుడు మోసపోవును. గ్రంథమును చూపి వ్యాసమును సమర్థించును. ఆ గ్రంథమునకు వ్యాసమే మూలమని ఎఱుగడు.

కావున పరీక్షలు నాలుగు. ప్రథమసాక్ష్యము ఏనాటిది? అది పరిశీలించుచున్న వ్యాసమునకు ముందుదా, వెనుకదా? సాక్షులు పరస్పరము స్వతంత్రులా, లేక ఒకరి వ్రాతను ఒకరు ప్రతి చేసినవారా? చరిత్రలోని రాజు, ఊరు, ఉద్యోగము, బిరుదు ఇతరాధారములతో పొసగుచున్నవా? ఈ నాలుగింటను నిలువని చరిత్రను తొలగింపవలసినదే. అయితే తొలగించుటకు ముందు సందేహమును ప్రకటించి, వ్రాసినవానికి తెలిపి, చర్చకు గడువీయవలెను. తేలిన కల్పనయొక్క వివరమును భద్రపఱచుట అంతకంటె ముఖ్యము. ఏలయన అదే కల్పన మఱియొకచోట తలయెత్తక మానదు.

ఇక రెండవ భయము. అచ్చయిన ఆధారము లేదనుట కల్పితమనుటతో సమానము కాదు. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న ఆక్షేపమునకు ప్రత్యుత్తరముగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను లోకమునకు చూపెను. అంతకు ముందు అచ్చాధారమొక్కటే గీటురాయియైనచో, వారిలో ఎందఱు నిలిచియుందురు?

బిచ్కుందను తీసికొనుడు. 2016 వఱకు నిజామాబాదు జిల్లాలో నుండి, నేడు కామారెడ్డి జిల్లాలో నున్న ఈ మండలము మహారాష్ట్ర కర్ణాటకముల పొలిమేరకు చేరువ. తెలుగుతో మరాఠీ కన్నడములు చెవిని బడు సీమ. హైదరాబాదు రాజ్యమున ఉర్దూ రాజభాషయై యుండెను. ఇట్టి యూరి కవికో, హరిదాసుకో, ఉపాధ్యాయునకో సంబంధించిన సాక్ష్యము తెలుగు అచ్చుపుస్తకమున లేకపోవచ్చును. మరాఠీ వ్రాతప్రతిలోనో, ఉర్దూ దస్తావేజులోనో, మఠపు లెక్కలలోనో ఉండవచ్చును. ఆంగ్లమున వెదకి, కానరాలేదని కొట్టివేయువాడు పరీక్షించినవాడు కాడు. నాలుగు భాషలయందును వెదకి, స్థలమునకు పోయి విచారించిన పిదపనే "ఆధారము లేదు" అను మాటకు విలువ కలుగును.

నిజమే, విజ్ఞానసర్వస్వము ఆధారములను సంగ్రహించునే గాని సృజింపదు. అందు నోటిమాటకు తావు లేదు. ఆ లోపమును తీర్పవలసినది విశ్వవిద్యాలయములే. పరిశోధకవిద్యార్థి తన మండలమునందలి వ్రాతప్రతులను, శిలాశాసనములను, వృద్ధుల సాక్ష్యములను తేదీతోను, చెప్పినవారి పేరుతోను ప్రకటించినచో, నిజమైనవాడు నిలుచును, కల్పితుడు తనంతట తొలగును. అట్లు చేయనిచో తొలగింపువలన నష్టపోవువాడు మోసగాడు కాడు, సాక్షులులేని సామాన్యుడు.