నాయకపదం నుండి భూపాలపదానికి: రసార్ణవసుధాకర వంశావతారిక

మర్రిగూడకు ఉత్తరాన రాచకొండ, దక్షిణాన దేవరకొండ. ఈ రెండు దుర్గాల నడిమి మెట్టనేలను పద్నాలుగో శతాబ్దంలో ఏలిన రేచర్ల పద్మనాయకులు మొదట రాజులు కారు. కాకతీయుల కొలువులోని సేనానాయకులు. 1323లో ఓరుగల్లు పతనంతో ఏలిక లేని కొలువు మిగిలింది. సేవకవంశం తనను రాజవంశంగా ఏ మాటలతో చెప్పుకొన్నదో తెలియడానికి సర్వజ్ఞ సింగభూపాలుని సంస్కృత లక్షణగ్రంథం రసార్ణవసుధాకరంలోని వంశావతారిక విలువైన సాక్ష్యం. లక్షణచర్చకు తొందరపడే పాఠకుడు దీనిని ఆనవాయితీగా దాటిపోతాడు, అది నష్టమే.

అవతారిక ఈ వంశానికి సూర్యచంద్రులను మూలపురుషులుగా అరువు తెచ్చుకోదు. విష్ణుపాదం నుండి పుట్టిన వర్ణాన్ని స్మరించి, గంగను దానికి తోబుట్టువుగా చెబుతుంది. పుట్టుకను దాచకుండా దాని అర్థాన్నే మార్చే ఉపాయమిది. ఆపై దాచయనాయకుడు. పాండ్యుని గజసైన్యం నుండి జయలక్ష్మి అతని ఖడ్గధార వెంట నడిచి వచ్చిందని వర్ణన. ఆ పోరు కాకతీయుల పక్షాన జరిగినదే. శ్లోకంలో మాత్రం ఏలిక ఊసు లేదు.

టోల్కీన్ కల్పించిన గోండోర్‌లోనూ వంశపారంపర్య సంరక్షకులే ఏలుతారు; సింహాసనాన్ని ఖాళీగా ఉంచి, అడుగుమెట్టు మీది ఆసనంపై కూర్చుంటారు. రాజు తిరిగి రాకుంటే సంరక్షకుడు రాజు కావడానికి ఎన్నేళ్లు కావాలని కొడుకు అడిగితే, పదివేలేళ్లయినా చాలవంటాడు తండ్రి. రాచకొండకు అంత ఓపిక లేదు. 1368 ప్రాంతంలో అనపోతానాయకుడు భీమవరం వద్ద కాపయనాయకుని కూల్చి, అతని ఆంధ్రదేశాధీశ్వర బిరుదును తాను ధరించాడు. ఓరుగల్లు పడి అప్పటికి నలభై అయిదేళ్లే.

ఆ అనపోతుని కుమారుడే సింగభూపాలుడు. రంజకోల్లాసంలో ఆలంబన విభావంగా అతడు ముందు నిర్వచించేది నాయకునే. శాస్త్రంలో ఆ పదం సామాన్యం. ఆ ఇంట మాత్రం అది ఉద్యోగనామం. తాతతండ్రులు పేరు చివర మోసిన మాట గ్రంథంలో గుణరాశిగా మారింది, కర్త భూపాలుడైనాడు. ఈ శ్లేష ఉద్దేశపూర్వకమని నిరూపించలేం. అయినా వంశావతారిక విన్న చెవితోనే నాయకలక్షణం విన్న ఆస్థానశ్రోతకు అది తోచకపోవడం కష్టం. గ్రంథం ఆస్థానపండితుల చేతిదేనన్న అనుమానం కూడా ఈ పఠనాన్ని బలహీనపరచదు: రాసినది ఎవరైనా, ఏలిక ఒప్పుకొన్న స్వరూపమే అందులో నిలిచింది.

రాచకొండ రాజధానిగా వింధ్యశ్రీశైలాల నడిమి భూమి తమదని అవతారిక అంటుంది. కొండవీటి రెడ్లతో వైరం, విజయనగరంతో యుద్ధాలు, బహమనీలతో అవసరపు స్నేహం నడిచిన కాలమది. వింధ్య వరకు ఆ ఏలుబడి ఎన్నడూ సాగలేదు. శ్రీశైలపు ఎల్ల మాత్రం దేవరకొండ వైపు నుండి నిజంగానే దగ్గర.