ఔషధ పరిశోధనలో డాక్టరేటు: పట్టానుంచి పడక వరకు

పేరుకు ముందు 'డాక్టరు' అన్న మాట కనబడితే పల్లెలో ఎవరైనా చెయ్యి చాచి నాడి చూడమంటారు. ఔషధ శాస్త్రంలో పిహెచ్.డి. పుచ్చుకొన్నవాడు నాడి చూడడు, మందు చీటీ వ్రాయడు. మన దేశంలో 2008లో ప్రారంభమైన ఆరేళ్ళ ఫార్మ్.డి. చదువు మరొకటి. అది ఆసుపత్రిలో రోగికిచ్చే మందుల వాడకాన్ని సరిచూడటానికి శిక్షణ ఇస్తుంది. పిహెచ్.డి. ఈ రెండింటిలో దేనికీ చెందదు. ఇంతవరకు ఎవరికీ తెలియని విషయాన్ని, చిన్నదైనా సరే, ఒకదాన్ని తేల్చి, తేల్చిన తీరును తెలిసినవారి ముందు నిలబెట్టి సమర్థించుకోవడమే దాని లక్షణం.

ఈ చదువుకు ఇటీవల మరొక విశేషణం చేరింది: 'ట్రాన్స్‌లేషనల్'. ఆ మాటకు అర్థం అనువాదమే. గాజు గొట్టంలో ఒక పదార్థం ఒక రీతిగా ప్రవర్తిస్తుంది, ఎలుక శరీరంలో మరొక రీతిగా, మనిషి శరీరంలో వేరొక రీతిగా. మొదటి దాన్నిబట్టి చివరిదాన్ని చెప్పగలగడమే ఇక్కడి అనువాదం. అమెరికాలో ఈ పనికోసమే 2011లో జాతీయ ఆరోగ్య సంస్థల కింద ఒక కేంద్రాన్ని నెలకొల్పారు. అనువాదం చేసేవాడికి రెండు భాషలూ రావాలి. ఔషధ శాస్త్రంలో డాక్టరేటు ఇప్పుడు నడుస్తున్న తీరు ఆ రెండు భాషలనూ నేర్పుతున్నదా అన్నది విచారించవలసిన విషయం.

నీలి రంగు నేర్పిన పాఠం

తెలుగు విద్యార్థులకు ఈ విషయంలో వెంటనే గుర్తుకు వచ్చే పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, 1930లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి పిహెచ్.డి. పొందారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి, 1948లో మరణించేవరకు అక్కడే పనిచేశారు. ఆయన కథను తెలుగులో చెప్పేవారు సాధారణంగా మందుల జాబితా ఒకటి చదువుతారు: ఫోలిక్ ఆమ్లం, హెట్రజాన్, ఆరియోమైసిన్, క్యాన్సర్ మందు. ఒకే మనిషి ఇన్ని మందులను సంచిలోనుంచి తీసినట్టు ఆ కథ సాగుతుంది.

ఆ కథనంలో రెండు లోపాలున్నాయి. ఆరియోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనుగొన్నవాడు అదే సంస్థలోని బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనలను నడిపించిన అధిపతి సుబ్బారావు. కండరాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు గుర్తించారన్నది నిజమే గాని, అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా గుర్తించాడు. ఈ మాట చెప్పినందువల్ల సుబ్బారావు గొప్పదనానికి వచ్చే లోటేమీ లేదు. చెప్పకపోతే మాత్రం, శాస్త్రం పదిమంది చేతులమీదుగా నడుస్తుందన్న సంగతి విద్యార్థికి తెలియకుండా పోతుంది.

రెండవ లోపం ఇంకా పెద్దది. ఆయన పరిశోధక విద్యార్థిగా చేసిన పని ఈ జాబితాలో కనబడదు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించినది మందు కాదు, కొలిచే పద్ధతి. రక్తంలోనో మూత్రంలోనో భాస్వరం ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి ఆ ద్రవానికి ఆమ్లంతోబాటు మాలిబ్డేటును, తరువాత క్షయకరణం చేసే మరొక పదార్థాన్ని కలుపుతారు. నీలి రంగు పుడుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువ.

ఈ పద్ధతిని కండరంనుంచి తీసిన ద్రవానికి వాడినప్పుడు ఒక చిక్కు వచ్చింది. రంగు ఒక్కసారిగా తేలి ఆగిపోవలసినది, నిమిషాలు గడిచినకొద్దీ చిక్కబడుతూ వచ్చింది. తొందరపడేవాడైతే పాత్ర సరిగా కడగలేదనుకొని ఆ లెక్కను కొట్టివేసేవాడు. ఆ ఇద్దరూ కొట్టివేయలేదు. ద్రవంలో ఏదో అస్థిరమైన పదార్థం ఉండి, ఆమ్లంలో క్రమంగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతున్నదని ఊహించి, దాన్ని పట్టుకొన్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వారు ఆ సంగతి ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు అదే కాలంలో ఆ పదార్థం జాడ పట్టి 'ఫాస్ఫాజెన్' అని పేరు పెట్టారు.

డాక్టరేటు చదువు నేర్పవలసిన విద్య ఇక్కడ కనబడుతున్నది. లెక్క తప్పినప్పుడు దాన్ని దాచకుండా, ఎందుకు తప్పినదని అడగడమే ఆ విద్య.

వికటించిన ఊహనుంచి పుట్టిన మందు

ప్రయోగశాలకూ రోగి పడకకూ మధ్య రాకపోకలు ఎట్లా ఉండాలో ఫోలిక్ ఆమ్లం కథ చూపుతుంది. ఆ కథ మొదలైనది మన దేశంలోనే. 1928 తరువాత లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భవతులైన మిల్లు కార్మిక స్త్రీలకు వచ్చే రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారం తింటే అది తగ్గుతుందని 1931లో వ్రాసింది. ఆ సారంలో ఉన్న గుణకరమైన పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుంచి దాన్ని తీసి ఆ పేరు పెట్టారు. 1945 నాటికి లెడర్లీలో సుబ్బారావు బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది.

రక్తహీనతను తగ్గించే పదార్థం రక్త క్యాన్సరుకు కూడా పనిచేస్తుందేమోనన్న ఆశతో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లపు సంయోగాలను రోగులకు ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గలేదు సరిగదా, మరింత వేగంగా పెరిగినట్టు కనబడింది. ఆ వైఫల్యాన్ని ఆయన మూలన పెట్టలేదు. ఫోలిక్ ఆమ్లం వ్యాధికి ఆహారమైతే, దానివలె కనబడి దాని స్థానాన్ని ఆక్రమించే నకిలీ పదార్థం వ్యాధిని మాడ్చాలి గదా అని తర్కించాడు. లెడర్లీ రసాయనికులు అటువంటి పదార్థాలను తయారుచేసి పంపారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి కొంతకాలం వెనుకకు తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. అది తాత్కాలికమేనని కూడా ఆయన స్పష్టంగా వ్రాశాడు. ఆ కుటుంబంలోని మరొక మందు మెథోట్రెక్సేటు నేటికీ వాడుకలో ఉన్నది.

ఇందులో ఎవరి డాక్టరేటుకు ఎంత పాలు? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు లేదు. ఇంకొక ఉదాహరణ చూస్తే ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మరొక రక్త క్యాన్సరు మందును 1951లో తయారుచేసిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు పిహెచ్.డి. లేదు. ఆమె ఉద్యోగం చేస్తూ సాయంకాలాలు బ్రూక్లిన్‌లో డాక్టరేటు చదువు ప్రారంభించింది. పూర్తికాలపు విద్యార్థినిగా చేరితే తప్ప వీలులేదని కళాశాలవారు చెప్పగా ఉద్యోగాన్ని ఉంచుకొని చదువు మానుకొన్నది. 1988లో ఆమెకు నోబెల్ బహుమానం వచ్చింది. మెథోట్రెక్సేటు, మెర్కాప్టోప్యూరిన్ ఈనాడు ఒకే పిల్లవాడికి కలిపి నెలల తరబడి ఇస్తారు. ఆ పిల్లవాడి రక్తంలో పట్టా ఉన్నవారి మందూ, పట్టా లేనివారి మందూ పక్కపక్కనే పనిచేస్తున్నాయి. 1948కి ముందు నెలలు తిరగకుండానే ప్రాణం తీసిన ఆ వ్యాధినుంచి, మంచి వైద్యం అందేచోట, ఇప్పుడు పదిమందిలో సుమారు తొమ్మిదిమంది పిల్లలు బయటపడుతున్నారు.

కాబట్టి పట్టాయే పరిశోధకుణ్ణి చేస్తుందనడం పొరపాటు. పట్టా అనవసరమనడం కూడా పొరపాటే. ఎలియన్ ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి హిచింగ్స్ పక్కన పనిచేసి నేర్చుకొన్నది. ఆ శిక్షణ అందరికీ దొరకదు గనుకనే విశ్వవిద్యాలయం దానిని ఒక క్రమంలో పెట్టి ఇవ్వవలసి ఉన్నది.

నేటి సిద్ధాంత గ్రంథంలో లోపం

మరి ఆ క్రమం సరిగా ఉన్నదా? ఔషధ శాస్త్రంలో వచ్చే సిద్ధాంత గ్రంథాలు తరచుగా ఒక అచ్చులో పోసినట్టుంటాయి. ఒక మొక్క రసమో కొత్త రసాయనమో తీసుకొంటారు. గాజు పాత్రలో కణాలమీద, తరువాత ఎలుకలమీద పరీక్షిస్తారు. చివరి అధ్యాయంలో 'ఇది భవిష్యత్తులో మంచి మందు కాగలదు' అని ముగిస్తారు. పరీక్షల వరకు తప్పులేదు. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా మొదట ఎలుకలలో, కుక్కలలో పనిచేసి చూపినదే. కోస్తా జిల్లాలవారికి ఆ వ్యాధి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తప్పు చివరి వాక్యంలో ఉన్నది. ఎంత మోతాదు మనిషికి ఎంత అవుతుంది, అది కడుపులో నిలుస్తుందా, కాలేయం దాన్ని ఎంతసేపట్లో విరిచివేస్తుంది అన్న లెక్క లేకుండా ఆ వాక్యం వ్రాయడం అనువాదం రాకుండా అనువాదకుణ్ణని చెప్పుకోవడమే.

మనుషులమీద పరీక్షల దాకా చేరిన పదార్థాలలోనే సుమారు పదింట తొమ్మిది మందులు కాకుండా ఆగిపోతాయి. పునాది బలహీనంగా ఉండడం దానికి ఒక కారణం. ఆమ్‌జెన్ అనే సంస్థ శాస్త్రజ్ఞులు క్యాన్సరు రంగంలో పేరుపొందిన 53 పరిశోధనలను తిరిగి చేసి చూడబోతే ఆరు మాత్రమే సరిగా తేలాయని 2012లో ప్రకటించారు. ఈ తప్పుల ఖరీదు పరిశోధకుడు చెల్లించడు. ఆ కాగితాన్ని నమ్మి మొదలుపెట్టిన పరీక్షలో చేరిన రోగి చెల్లిస్తాడు. అతడికి మిగిలిన కాలం తక్కువ. దానిలో కొంత ఆ పరీక్షకు ఇచ్చివేస్తాడు.

నిబంధనలు కూడా ఈ లోపానికి కొంత తోడ్పడినాయి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2016 నిబంధనలలో సిద్ధాంత గ్రంథం సమర్పించేముందు కనీసం ఒక వ్యాసమైనా అచ్చుకావాలన్నది. ఫలితం 'వచ్చింది' అంటే వ్యాసం సులభంగా అచ్చవుతుంది. 'రాలేదు' అంటే కష్టం. దానితో విద్యార్థి కన్ను సహజంగా రంగు తేలిన పాత్రమీదనే నిలుస్తుంది. 2022 నిబంధనలలో ఆ నిర్బంధాన్ని తొలగించారు. అది మంచిదే గాని, నిర్బంధం తీసినంత మాత్రాన పరిశీలన గట్టిపడదు. పరీక్షకుడు అడిగే ప్రశ్న మారాలి. 'ఏమి సాధించావు?' అని మాత్రమే అడగకుండా, 'నీ ఊహ తప్పని తేల్చడానికి ఏ ప్రయోగం చేశావు?' అని అడగాలి.

ఈ విమర్శకు ఒక న్యాయమైన ఎదురు వాదం ఉన్నది. నిబంధనల ప్రకారం డాక్టరేటుకు మూడేళ్ళకు తక్కువ కాకుండా, సాధారణంగా ఆరేళ్ళకు మించకుండా గడువు. ఒక మందు తయారై దుకాణం చేరడానికి పదేళ్ళు దాటుతుంది. ఒక్క విద్యార్థి మందు తేవాలని కోరడం అన్యాయమే. కాని ఇక్కడ కోరుతున్నది మందు కాదు. తరువాత వచ్చేవాడు కాలు మోపినప్పుడు విరగని మెట్టు ఒక్కటి కావాలి. 1925 నాటి నీలి రంగు పద్ధతి అటువంటిది. ఎన్నో ప్రయోగశాలలు దశాబ్దాలపాటు దాన్ని నమ్మి వాడుకొన్నాయి. 'ఈ రసాయనం పనిచేయదు, కారణం ఇది' అని గట్టిగా తేల్చిన గ్రంథం కూడా అటువంటి మెట్టే. దానికి పట్టా ఇవ్వడానికి విశ్వవిద్యాలయాలు వెనుకాడకూడదు.

ఉన్నత పాఠశాలలోనే మొదలు

ఔషధ విద్యలో పైచదువుల కోసం పార్లమెంటు 1998లో చేసిన చట్టంతో మొహాలీ సంస్థకు జాతీయ ప్రాముఖ్యం లభించింది. హైదరాబాదులో అటువంటి సంస్థ 2007లో ప్రారంభమైంది. అక్కడికి చేరాలని కలగనే విద్యార్థులు తెలుగునాట అనేకులున్నారు. వారు చేరేముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పర్యవేక్షకుని పేరుకన్న ఆయన ప్రయోగశాలలో తప్పిన ప్రయోగాలను ఏమి చేస్తారన్నది ముఖ్యం. రసాయనంతోబాటు శరీర ధర్మశాస్త్రం, గణాంకశాస్త్రం నేర్పుతారా, ఆసుపత్రితో ఆ సంస్థకు నిజమైన సంబంధం ఉన్నదా అన్నవి కూడా అడగదగ్గ ప్రశ్నలే.

ఉపాధ్యాయులు ఈ విద్యకు విత్తనం ముందుగానే వేయవచ్చు. ప్రయోగశాలలో ఒక విద్యార్థికి పుస్తకంలో ఉన్న అంకె రాకపోతే పక్కవాడి పుస్తకం చూసి దిద్దుకోవడం ఎన్నోచోట్ల అలవాటు. దిద్దినవాడికి పూర్తి మార్కులు వస్తాయి. తనకు వచ్చిన అంకెనే వ్రాసి, ఎందుకు వచ్చిందో ఆలోచించినవాడికి మార్కులు తగ్గుతాయి. డాక్టరేటులో కనబడే లోపం అక్కడే మొదలవుతున్నది. తప్పిన అంకెకు కారణం వ్రాసిన పిల్లవాడికి ఒక మార్కు ఎక్కువ వేసే ఉపాధ్యాయుడు, తనకు తెలియకుండానే, ఎన్నడూ చూడబోని ఒక రోగికి మేలు చేసినవాడవుతాడు.