మూడు శాసనాలు: జెఫర్సన్ వారసత్వంపై ఒక పరిశీలన

రాతిపై చెక్కిన లేఖనాన్నీ, ప్రభుత్వం చేసిన చట్టాన్నీ తెలుగులో శాసనమనే అంటారు. ఆస్తిపాస్తుల గురించి చివరి కోరికను తెలిపే పత్రం మరణశాసనం. అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ (1743-1826) ఈ మూడింటినీ రచించాడు. వాటిని పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఆయన వారసత్వం స్పష్టమవుతుంది.

తన సమాధిపై ఉండవలసిన మాటలను జెఫర్సన్ స్వయంగా రాసిపెట్టాడు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన రచన, 1786లో ఆమోదం పొందిన వర్జీనియా మతస్వేచ్ఛా శాసనం, వర్జీనియా విశ్వవిద్యాలయ స్థాపన - ఈ మూడే అందులో ఉన్నాయి. అంతకు మించి ఒక్క మాటా చేర్చవద్దన్నాడు. 1801-1809 మధ్య నిర్వహించిన అధ్యక్ష పదవి ప్రస్తావన కూడా లేదు. పదవి కన్నా భావాలకు విలువనిచ్చిన ఈ ఎంపిక ప్రశంసనీయమే. అయితే ఎంపికలో విస్మరణ కూడా ఇమిడి ఉంటుంది.

ఆ విస్మరణను మరణశాసనం బయటపెడుతుంది. జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమానిగా ఉన్న జెఫర్సన్, 1826లో రాసిన ఆ పత్రంలో విముక్తి ప్రసాదించింది ఐదుగురికే. ఆయన మిగిల్చిన అప్పుల కారణంగా 1827 జనవరిలో మాంటిచెల్లోలో 130 మందిని వేలానికి పెట్టారు. విముక్తి పొందిన ఐదుగురిలో కమ్మరి జోసెఫ్ ఫాసెట్ ఒకడు. అతని భార్య ఎడిత్, వారి పిల్లల్లో కొందరు ఆ వేలంలోనే అమ్ముడుపోయారు.

నాటి మనిషిని నేటి విలువలతో తూచరాదన్న వాదం ఇక్కడ నిలవదు. బానిసత్వం యజమానులను సైతం నైతికంగా దిగజారుస్తుందని 'నోట్స్ ఆన్ ద స్టేట్ ఆఫ్ వర్జీనియా'లో రాసినవాడు జెఫర్సనే. నల్లజాతివారు బుద్ధిలో తక్కువవారేమోనన్న అనుమానాన్ని వ్యక్తం చేసిందీ అదే గ్రంథంలో. అదే వర్జీనియాకు చెందిన జార్జ్ వాషింగ్టన్, తన యాజమాన్యంలోని బానిసల విముక్తికి 1799 నాటి మరణశాసనంలో ఏర్పాటు చేశాడు. అప్పులు జెఫర్సన్‌ చేతులు కట్టివేసిన మాట నిజం. కాని ఆ అప్పుల్లో అధికభాగం ఆయన జీవనశైలి తెచ్చిపెట్టినదే.

అలాగని స్వాతంత్ర్య ప్రకటన విలువ తగ్గదు. స్వేచ్ఛాజీవి అయిన నల్లజాతి పంచాంగకర్త బెంజమిన్ బానెకర్ 1791లో జెఫర్సన్‌కు లేఖ రాస్తూ, ఆ ప్రకటనలోని సమానత్వ వాక్యాన్ని ఆయనకే గుర్తుచేశాడు. రచయిత ఆచరణ ఆగిపోయిన చోట పాఠకుడు ఆ వాక్యాన్ని అందుకున్నాడు. జెఫర్సన్ వారసత్వంలో నిలిచే భాగం అలాంటి పాఠకులకూ చెందుతుంది. సమాధి ఫలకం చెప్పని విషయం ఇదే.